సాయవ్వ ఇంట్లో బాలయేసు

డిసెంబరు ఇరవై, శనివారం పొద్దున, మోస్రా వైపు నుంచి ట్రాలీ నిండా చెరుకు గడలు వచ్చి కందెపల్లి చర్చి ముందు దిగాయి. ఆకు కూడా దూయని పచ్చి గడలు. మగవాళ్ళు నలుగురు వాటిని నేలలో పాతి, కొసలు దగ్గరికి వంచి తాడుతో బిగిస్తున్నారు. మంజీర గట్టున ఉన్న ఆ చిన్న పట్నంలో సగం మంది చేపల మీద బతికేవాళ్ళు. వాళ్ళు కట్టే క్రిస్మస్ పాక కూడా వాళ్ళలాగే ఉంటుంది. గుంజలకు చెరుకు గడలు, పైకప్పుకు పాతబడిన వల, వల కన్నాల్లో దోపిన రెల్లుగడ్డి. పశువుల తొట్టి బదులు వెదురుతో అల్లి తారు పూసిన చిన్న పుట్టి, వాళ్ళు వేటకెళ్ళే గుండ్రటి పడవ. అందులో వరిగడ్డి పరిచి, ఇరవైనాలుగో తారీఖు సాయంత్రం బాలయేసును పడుకోబెడతారు. మరియమ్మ, యోసేపు, గొల్లలు, గొర్రెలు ఏడాదంతా చర్చి బీరువాలోనే ఉంటారు. బాలయేసు మాత్రం బీరువాలో ఉండడు. ఏడాదికొక ఇంట్లో ఉంటాడు.

ఈ ఏడాది ఉండాల్సింది సాయవ్వ ఇంట్లో.

ఆమె చర్చి మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, వల కొసను బొటనవేలికి తగిలించి చిరుగులు కడుతోంది. పైకప్పు వల ప్రతి ఏడూ ఆమెదే. యాభై దాటిన చేతులు, చేప పొలుసు గీరి గీరి గరుకెక్కిన వేళ్ళు. సూది కన్నంలోంచి దూరి, కొలత కర్ర మీదుగా తిరిగి, ముడి పడి, మళ్ళీ దూరుతుంది. కళ్ళతో చూడాల్సిన పని లేదు.

ఉపదేశి లక్ష్మీరాజం ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఫాదర్ బోధన్‌లో ఉంటాడు కాబట్టి ఇక్కడి చర్చి తాళాలు, పాటలు, ప్రార్థనలు అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు.

"సాయవ్వా, బాలయేసును రేపు పూజకు వచ్చేటప్పుడు తీస్కరా. రంగు వేయిస్త. ఇరవైనాలుగుకు మళ్ళ తయారుంటది."

సూది ఆగింది.

"రంగు మంచిగనే ఉందన్నా."

"వానకాలం నీళ్ళు జొచ్చిన ఇల్లాయె. చెమ్మ తాకకుంట ఉంటదా?"

"నేనే తుడిసి తెస్త. ఇరవైనాలుగు పొద్దూకంగ తేవాలె, గదే గద రివాజు."

లక్ష్మీరాజం ఒక క్షణం ఆమె వంక చూశాడు. "సరె, రివాజే కానియ్యి. జెర పైలం. డెబ్బై ఏండ్ల బొమ్మ. మొదటి ఫాదర్ గోవ నుంచి రైలుల తెచ్చింది. మన తాతలు ముద్దు వెట్టుకున్న పాదాలవి."

ఆయన భార్య భాగ్యలక్ష్మి పక్కనే రెల్లు కట్టలు విప్పుతోంది. తలెత్తకుండానే అంది. "పోయిన జనవరిల నేను ఊకె అన్ననా? నీళ్ళ పక్క ఇండ్లకు ఇయ్యొద్దంటే నా మాట ఎవరింటరు?"

జనవరిలో వచ్చే ముగ్గురు రాజుల పండుగనాడు, బాలయేసు ఎవరింటికో తేల్చడానికి డబ్బాలో పేర్లు వేసి చీటీ తీయడం అక్కడి ఆచారం. రేవు వాడ చివరి ఇళ్ళ పేర్లు ఆ డబ్బాలో పన్నెండేళ్ళుగా పడలేదు. అవి తడి ఇళ్ళని భాగ్యలక్ష్మి అన్నది, అందరూ ఊఁ అన్నారు. కొత్తగా వచ్చిన ఫాదర్ శేఖర్, అందరి పేర్లూ వేయాల్సిందేనని పట్టుబట్టి వేయించాడు. వేసిన మొదటిసారే సాయవ్వ పేరు వచ్చింది. ఆ రోజు ఆమె బొమ్మను కొంగులో చుట్టుకుని, వాన లేకపోయినా తల మీద గొడుగు పట్టుకుని ఇంటికి నడిచింది.

సాయవ్వ చేతిలో వల చూసుకుంది. మూడు ముడులు తప్పు పడ్డాయి. పళ్ళతో దారం కొరికి, విప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి పక్కింటి నర్సన్న మంచం మీద పడుకుని, ఆడే ఒక్క చేత్తో గాలాలకు దారం కడుతున్నాడు. కుడి పక్క పడిపోయి మూడేళ్ళయింది. నలుగురు ఎత్తితే తప్ప లేచి కూర్చోలేడు. భార్య పొద్దంతా ఇటుక బట్టీలో ఉంటుంది.

"వల అయ్యిందా చెల్లె?"

"అయ్యిందన్నా."

"ఈసారి నన్ను గూడ తీస్కపోతరా? పాక సూడక మూడేండ్లాయె."

"ఎజాజ్‌ను అడుగుత. బండి తెస్తడు."

"బాలయేసును నీ చేతుల మీదికెళ్ళి పండవెడ్తుంటే సూడాలె." నర్సన్న సగం ముఖంతో నవ్వాడు. "మన వాడకు ఎన్నడు రానోడు వచ్చిండు గద."

సాయవ్వ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. వరదకు వెనక గోడ పోతే రేకులు అడ్డం కట్టుకున్న గది. మంచం కింద ఉన్న రేకు పెట్టెను బయటికి లాగి, మూత తీసి, గుడ్డ మూట విప్పింది. అందులో ఉన్నవి ఒక మోకాలు, సగం చెంప, తుప్పు పట్టిన తీగె, సున్నంలా చేతికి అంటుకునే పిండి.

ఆగస్టు ఆఖరులో మంజీర పొలాల మీదుగా వెనక్కి తన్నిన పొద్దు, పాలవాడు రాకముందే నీళ్ళు గడప దాటాయి. నర్సన్న భార్య భీమ్‌గల్‌లో కూతురి దగ్గర ఉంది. సాయవ్వ గోడకు కట్టిన పుట్టిని విప్పి, అతని చంకల కింద చేతులు వేసి ఈడ్చి అందులో పడుకోబెట్టింది. ముడుచుకోలేని మనిషి. కాళ్ళు అంచు దాటి బయటికి వచ్చాయి. మిగిలిన జాగాలో ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు వేయాలి. బాలయేసు ఉన్న రేకు పెట్టె అర మీద ఎత్తున ఉంది, మళ్ళీ వచ్చి తెచ్చుకుందామనుకుంది. బడి గట్టున అతన్ని దింపి వెనక్కి తిరిగేసరికి ఆమె ఇంటి వెనక గోడ కూలింది. పెట్టె నాలుగు రోజులు నీళ్ళలో నానింది.

బడి వరండాలో తడి చీర పిండుకోకముందే భాగ్యలక్ష్మి వచ్చి అడిగిన మొదటి మాట, బాలయేసు ఏడి అని. నర్సన్న పక్కనే గోడకు ఆని పడుకుని, వణుకుతూ, ఆమె వైపే చూస్తున్నాడు. నిన్ను ఎక్కించుకుని ఆయన్ను విడిచి వచ్చానని ఆ మనిషి వినేలా ఎలా చెబుతుంది? "ఉన్నడు, పైలంగ పెట్టిన" అంది సాయవ్వ. అప్పటికి అది అబద్ధమని ఆమెకూ తెలియదు. తెలిశాక విప్పి చెప్పే ధైర్యం చాలలేదు. నెలలు గడిచినకొద్దీ ఆ మాట గొంతులో ముల్లులా దిగబడిపోయింది.

ఆదివారం పూజలో అందరూ సత్ప్రసాదానికి వరుస కట్టారు. అబద్ధం లోపల పెట్టుకుని దాన్ని నోట వేసుకోలేక సాయవ్వ వెనక బెంచీ మీదే కూర్చుండిపోయింది. వరుసలో నడుస్తూ భాగ్యలక్ష్మి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

సోమవారం తెల్లారి రేవులో చేపల వేలం ముగిశాక, ఐసు పెట్టెలు వ్యానులోకి ఎక్కిస్తున్న ఎజాజ్ దగ్గరికి వెళ్ళింది. బోధన్ బజారుకు చేపలు తీసుకెళ్ళే మనిషి, పదేళ్ళుగా ఆమె చేప కొంటున్నవాడు.

"ఎజాజ్, సున్నపు బొమ్మలు చేసేటోళ్ళు ఎవరన్న ఎర్కేనా నీకు?"

"వినాయకులు చేస్తరు గద, గసుంటియా?"

"గసుంటియే."

"బోధన్ల ఆత్మారాం అని ఒకాయన ఉన్నడక్కా. మరాఠీ ఆయన. చెరువు దిక్కు షెడ్డు. ఇప్పుడు సీజను గాదు, ఖాళీగనే ఉంటడు." ఎజాజ్ ఆమె చంకలోని గుడ్డ మూటను చూశాడు. ఏమిటని అడగలేదు. "ముందట కూసో. దింపి, మల్ల వచ్చేటప్పుడు ఎక్కిచ్చుకుంట."

దారి పొడవునా ఆమె మూటను ఒడిలోంచి తీయలేదు. అక్కడక్కడ కోతకొచ్చిన చెరుకు తోటలు, మిగతా అంతా వరి మళ్ళు. ఎజాజ్ ఫోన్లో బేరాలు మాట్లాడుతూనే ఉన్నాడు.

రేకుల షెడ్డులో తలలు లేని వినాయకులు, వరుసగా పేర్చిన తులసి కోటలు, ఇళ్ళ కప్పులకు అతికించే తెల్లటి పువ్వులు. ఆత్మారాం అరవై ఏళ్ళ మనిషి. కనుబొమల దాకా తెల్లటి పొడి. ఒక తులసి కోట అంచును ఇసుక కాగితంతో రుద్దుతున్నాడు.

"రా బాయీ. ఏం గావాలె?"

"ఒక బొమ్మ. చంటిపిల్లగాడు. ఎల్లెలకల పండుకున్నది."

"కిష్ణుడా?"

"కాదు. యేసు."

ఆత్మారాం ఇసుక కాగితం కింద పెట్టాడు.

"పొడుగు?"

ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించింది. "కుడి చెయ్యి లేపి ఉంటది. ఎడమ కాలు జెర ముడుసుకోని. కండ్లు తెరిసి ఉంటడు."

"కుడి చేతి చిటికెనేలు కొస ఇరిగి ఉంటది. అవునా?"

సాయవ్వ చూపిస్తున్న చెయ్యి దించేసింది. వేలు సంగతి తను ఇంకా చెప్పనేలేదు. గోవా నుంచి వచ్చేటప్పుడు రైల్లో విరిగిందని కందెపల్లిలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"నీకెట్ల ఎర్క?"

"కందెపల్లేనా మీది?"

"అవు."

ఆత్మారాం చేతులు దులుపుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు. గోనె సంచిలో చుట్టి, తాడు కట్టిన అచ్చును రెండు చేతులతో మోసుకొచ్చి ఆమె ముందు దించాడు. తాడు విప్పి రెండు సగాలను విడదీశాడు. లోపల గుంటలో, తలకిందులుగా, ఎత్తిన ఆ చెయ్యి, ముడిచిన ఆ కాలు.

"మా బాపు ఉన్నప్పుడు ఒకాయన ముక్కలు తెచ్చిండు. బాపు అవి అతికిచ్చి ఈ సాచా తీసి, కొత్తది పోసిచ్చిండు. అది ఒకటి. బాపు పోయినంక నేను మూడు పోసిన." ఆత్మారాం వేళ్ళు మడిచాడు. "నీది అయిదోది."

పక్కనే బోర్లించి ఉన్న పీట మీద సాయవ్వ కూర్చుండిపోయింది. తాతలు ముద్దుపెట్టుకున్న పాదాలని లక్ష్మీరాజం అన్న మాట చెవిలో మోగింది. ఆమెకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఆగస్టు నుంచి పక్కటెముకల కింద ఎక్కడో బిగబట్టి ఉన్న ఊపిరి మాత్రం మెల్లగా బయటికి వచ్చింది. దాని వెనకే కోపం కూడా వచ్చింది. తడి ఇండ్లు. మరి పొడి ఇళ్ళలో నాలుగుసార్లు ఎట్ల పగిలింది?

"ఎవరెవరు వచ్చిండ్రు?"

"అది అడగకు. ఎవరికి చెప్పకని అందరు మాట తీస్కున్నరు. నేను నీ పేరు గూడ అడగలే సూడు."

"మరి నాకెందుకు చెప్పినవ్?"

ఆత్మారాం కాసేపు అచ్చు అంచున ఉన్న బూజు గీకాడు. "వాళ్ళు కోపంగ వచ్చిండ్రు బాయీ. పిల్లి తోసింది, పనామె పడగొట్టింది, అలమార మంచిగ లేదు, గిట్ల. నువ్వు వచ్చినకాంచి కండ్లు తుడుసుకుంటున్నవ్, ఇంక ఏడ్వనేలే."

అప్పుడు సాయవ్వ చెప్పింది. నీళ్ళు, పుట్టి, అంచు దాటిన నర్సన్న కాళ్ళు, అర మీది పెట్టె. ఆ సంగతి నోటితో అనడం అదే మొదటిసారి. చెబుతుంటే అదేమంత పొడవైన కథ కాదు, నాలుగు మాటల్లో అయిపోయింది. ఆత్మారాం వింటూనే బకెట్‌లో నీళ్ళు కొలుచుకున్నాడు.

ఆమె ఇచ్చిన మూటలోంచి తీగెను తీసి పక్కన పడేసి, మిగిలిన ముక్కలను రోట్లో వేసి దంచాడు.

"పాతది జెరంత కలిపితే కొత్తది బిరాన గట్టిపడ్తది. ప్రతిసారి గట్లనే చేసిన."

అచ్చు లోపల సబ్బు నీళ్ళు పూశాడు. కొత్త తీగెను వంచి చేతిలోకి, కాళ్ళలోకి ఆనించాడు. తెల్లపొడిని గుప్పెళ్ళతో నీళ్ళలో రాల్చి, బుడగ లేవకుండా చేతిని అడుగున తిప్పుతూ కలిపాడు. దంచిన పాత పిండి కూడా అందులో పడింది. రెండు సగాలను బిగించి కట్టి, కాళ్ళ వైపు రంధ్రంలోంచి పోశాడు. పోసి అచ్చును తట్టాడు, అటూ ఇటూ ఊపాడు. సాయవ్వ ఒక్కసారి కూడా చూపు తిప్పలేదు. వేరేవాళ్ళ చేతిపని చూస్తే ఆమెకు మనసు నిమ్మళిస్తుంది.

"రేపంత ఎండాలె. రంగు వెయ్యాలె. ఎల్లుండి పొద్దుగాల రా. పైసల ముచ్చట వద్దు, వచ్చేటప్పుడు ఒక కొర్రమట్ట చేప తే."

తిరుగు దారిలో ఎజాజ్ అడిగాడు. "పని అయ్యిందా అక్కా?"

"అయ్యింది." ఖాళీ అయిన ఒడిలో చేతులు పెట్టుకుని అంది. "ఎజాజ్, బుధారం నాడు నర్సన్నను చర్చి కాడికి తేవాలె. నీ వ్యాన్ల వస్తదా?"

"ఎందుకు రాదు. కుర్చీల కూసోవెట్టి గట్టిగ కడ్త."

ఆ రోజు సాయంత్రం, మంగళవారం అంతా, సాయవ్వ గంప నెత్తిన పెట్టుకుని చేపలు అమ్ముతూ ప్రతి గడప ముందూ ఆగింది. ఇది ఎవరిల్లు? ఎవరు పడగొట్టి ఉంటారు? కొన్ని ముఖాలు చూస్తే ఔననిపించింది. మళ్ళీ కాదనిపించింది. రేషన్ డీలర్ రామ్‌దాస్ ఇంటి ముందు అతని తల్లి రవ్వ చేప బేరం చేస్తూ, "నీ ఇంట్ల ఉన్న దేవుడు పైలమేనా" అని అడిగింది. ఆ అడగడంలో కూడా ఏదో ఉందనిపించింది. ఊరంతా ఒకరి నుంచి ఒకరు దాచుకున్న మాటను ఇప్పుడు తను కూడా దాచబోతోంది. సులువే. ఎవరికీ తెలియదు. తెల్లారి లేస్తే అంతా మామూలే.

అయినా మంగళవారం ఆమెకు అన్నం రుచించలేదు.

బుధవారం పొద్దున కొర్రమట్టను బతికుండగానే నీళ్ళ డబ్బాలో వేసుకుని వెళ్ళింది. బాలయేసు తయారై బల్ల మీద ఉన్నాడు. చామనఛాయ ఒళ్ళు, నల్లటి జుట్టు, పెదవులకు కొంచెం ఎరుపు. పాత బొమ్మ చెంపల మీద ఉండే రంగే. ఎత్తిన చేతికి అయిదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి.

ఆత్మారాం చిన్న చాకు తీసుకున్నాడు. "ఇగ ఏలు ఒక్కటే మిగిలింది. చిన్నగ గీరి, జెరంత మసి రాస్తే పాతదే అనుకుంటరు."

చాకు మొన వేలికి ఆనింది.

"ఆగు" అంది సాయవ్వ.

ఆత్మారాం ఆగాడు.

"గట్లనే ఉండనియ్యి."

"అందరికి ఎర్కైతది బాయీ. మొట్టమొదలు సూసేది ఆ ఏలే."

"కానియ్యి."

"మిగిలినోళ్ళందరు ఇరగ్గొట్టమనే చెప్పిండ్రు. ఒకాయనైతే కొలత గూడ తెచ్చిండు."

"వాళ్ళ ఇష్టం వాళ్ళది అన్నా. నాలుగు నెలలకే నా పానం పోయినంత పనైంది. నేను పోయేదాంక దీన్ని మొయ్యలేను."

ఆత్మారాం చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. బొమ్మను పాత పత్రికలో చుట్టబోతే ఆమె వద్దని, ఉతికిన తన చీర ముక్కలో చుట్టుకుంది.

ఫాదర్ శేఖర్ సాయంత్రం ఆరింటికే పూజ చేసి బోధన్ వెళ్ళాలి. అందుకని అయిదున్నరకే చర్చి ముందు జనం నిండారు. పాక మీద ఎర్రటి, పచ్చటి బల్బులు వెలుగుతున్నాయి. చెరుకు ఆకులు గాలికి గలగలమంటున్నాయి. ఎజాజ్ వ్యాను వెనక తలుపు తెరిచి, ప్లాస్టిక్ కుర్చీతో సహా నర్సన్నను దింపించి పాకకు దగ్గరగా కూర్చోబెట్టాడు. తను వ్యానుకు ఆనుకుని నిలబడ్డాడు.

పాట మొదలైంది. సాయవ్వ చర్చి గేటు నుంచి నడిచి వచ్చింది. రెండు చేతుల మీద చీర ముక్క. అందరూ మోకాళ్ళ మీదికి దిగారు. లక్ష్మీరాజం ఎదురు వచ్చి చేతులు చాపాడు. ఆయన తీసుకుని ఫాదర్‌కు ఇవ్వాలి, ఫాదర్ దీవించి పుట్టిలో పడుకోబెట్టాలి.

ఆమె ఇవ్వలేదు.

"ఫాదర్, ముందుగాల ఒక మాట చెప్తా."

పాట చివర్లో ఉన్న గొంతులు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. ఫాదర్ శేఖర్ తల ఊపాడు.

సాయవ్వ గుడ్డ తొలగించింది. "ఇది పాతది గాదు. వానకాలం నీళ్ళల్ల పాతది నాని పోయింది. అడిగిన నాడు ఉన్నదని చెప్పిన. అబద్ధమాడిన. ఇది మొన్న పోపిచ్చిన కొత్త బొమ్మ. తప్పు నాది."

బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. వెనక వరుసలోంచి రామ్‌దాస్ గొంతు వినిపించింది.

"పెట్టె ఎంత బరువుంటది? చంకల వెట్టుకుంటే వచ్చేదాయె. దేవున్ని ఇడిసి ఉత్త చేతుల్తోని వస్తరా ఎవరన్న?"

సాయవ్వ తల దించుకుంది. జవాబు ఆమె దగ్గర ఉంది. కానీ ఆ జవాబు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

"ఉత్త చేతుల్తోని రాలే."

నర్సన్న మాట ముద్దముద్దగా వస్తుంది. అందుకే అందరూ అటు తిరిగి, చెవి పెట్టి విన్నారు.

"పుట్టిల జాగ లేకుండె. నేను పండుకోని ఉంటి. ఆమె ఇంటి తలుపు తెరిసి ఉండె, అర మీద పెట్టె నాకు అవుపడ్డది. ఆమె గూడ సూసింది. సూసి, తెడ్డు వేసింది." అతను ఊపిరి తీసుకున్నాడు. "తర్వాత వొయ్యి తెచ్చుకున్నదనుకున్న. నాకు చెప్పలే. చెప్తే నేను బాధపడ్తనని చెప్పలే."

ఫాదర్ శేఖర్ ఏదో అనబోయి ఆగాడు. అంతలో లక్ష్మీరాజం ఒక అడుగు ముందుకు వేసి, సాయవ్వ చేతుల్లోంచి బాలయేసును తీసుకున్నాడు. బల్బుల వెలుగుకు తిప్పి, ముఖం చూశాడు, పాదాలు చూశాడు. ఎత్తిన చేతి మీద ఆయన బొటనవేలు మెల్లగా జరిగి, చిటికెన వేలు కొస దగ్గర ఆగింది. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. తనలో తను అనుకుంటున్నట్టుగా, కానీ అందరికీ వినిపించేలా అన్నాడు.

"గీసారి మస్తు చేసిండు ఆత్మారాం."

సాయవ్వ తలెత్తింది. ఆ పేరు తను చెప్పలేదు. బోధన్ అని కూడా చెప్పలేదు.

తన నోరు ఏం జారిందో లక్ష్మీరాజానికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. చొక్కా మెడ లోపలి నుంచి ఎరుపు పైకి పాకింది. ఆడవాళ్ళ వరుసలో భాగ్యలక్ష్మి కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఆత్మారాం అంటే... చెరువు కాడి షెడ్డాయనేనా? ఆయననా పోసింది?" అన్నాడు రామ్‌దాస్ వెనక నుంచి. అనేసి నాలుక కరుచుకున్నాడు. పక్కన మోకాళ్ళ మీద ఉన్న అతని తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఆత్మారాం ఎవరు?" అని అడిగాడు ఫాదర్ శేఖర్, కొత్తవాడు.

ముందు రామ్‌దాస్ తల్లి నవ్వు బయటపడింది. తర్వాత మధ్య వరుసలో ఇంకెవరో తల వంచుకుని నవ్వారు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. సంగతి తెలిసినవాళ్ళు కొందరు, తెలియకపోయినా పక్కవాళ్ళను చూసి నవ్వేవాళ్ళు చాలామంది. లక్ష్మీరాజం బొమ్మను గుండెకు ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి ఆయన పెదవి కూడా వంకర పోయింది.

"తర్వాత చెప్త ఫాదర్" అన్నాడు. "పాపసంకీర్తనంల ఒప్పుకుంట."

ఫాదర్ శేఖర్ వాళ్ళందరినీ కలియజూశాడు. అర్థమైనంత అయింది. "సరె" అన్నాడు. "పిల్లగాన్ని ఆమెకే ఇయ్యిండ్రి. పడుకోబెట్టే పని ఆమెదే."

సాయవ్వ వంగి, గడ్డి సర్ది, తల కింద కొంచెం ఎత్తు చేసి బాలయేసును పుట్టిలో పడుకోబెట్టింది. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే లక్ష్మీరాజం మోచేయి అందించాడు. పూజలో వరుస కట్టినప్పుడు ఆమె కూడా లేచి వెళ్ళింది.

పూజ అయ్యాక చర్చి పక్క షామియానా కింద విందు. నేల మీద బరకాలు పరిచారు. నర్సన్న కుర్చీ పక్కనే ఎజాజ్ కూర్చుని అతనికి ముద్దలు కలిపి పెడుతున్నాడు. సాయవ్వ వరుస చివర కూర్చుంది. అన్నం గంప పట్టుకుని భాగ్యలక్ష్మి వడ్డిస్తూ వచ్చి, ఆమె ముందు ఆగింది. గంప కింద పెట్టింది.

"మా ఇంట్ల అలమార మీదికెళ్ళి పడ్డది" అంది మెల్లగా. "పన్నెండేండ్లాయె. దులుపుదమని నేనే తీసిన. నెల రోజులు నాకు నిద్ర లేదు."

సాయవ్వ వింటోంది.

"నీ పేరు డబ్బాల వెయ్యనియ్యంది నేనే. అంత పైలంగ ఉంచిన నా ఇంట్లనే పలిగినంక, నీళ్ళ పక్క ఇంట్ల ఎట్ల నిలుస్తదని. ఒకసారి అన్నంక, ఇగ ఎన్కకు తీస్కోలేక పోయిన." భాగ్యలక్ష్మి గరిటెతో గంపలోని అన్నాన్ని ఊరికే కదిపింది. "బడి కాడ ఆ పొద్దు నువ్వు చలికి వణుకుతుంటే, నేను వొయ్యి బొమ్మ సంగతి అడిగిన. గది నాకు యాదికొస్తనే ఉంటది."

"నాకు గూడ" అంది సాయవ్వ.

భాగ్యలక్ష్మి ఆ మాటకు తల ఊపింది. ఇంకే సాకూ చెప్పలేదు. కాసేపటికి ఇద్దరిలో ఎవరు ముందో తెలియదు, మళ్ళీ నవ్వు వచ్చింది.

"పిల్లి తోసిందని చెప్పినవా వదినె, ఆత్మారాంకు?"

"పనామె అని చెప్పిన." భాగ్యలక్ష్మి సిగ్గుపడింది. "మా ఇంట్ల పనామె ఏడుండె?"

అటు వరుసలోంచి అన్నం కోసం ఎవరో పిలిచారు. భాగ్యలక్ష్మి గంప ఎత్తుకుంది. గరిటె నిండా అన్నం తీసి సాయవ్వ విస్తట్లో వేసింది, మాంసం ముక్కలు వెతికి వేసింది.

"ఇంకింత వెయ్యాల్నా?"

ఆగస్టు నుంచి ఏ ఇంట్లో ఎవరు వడ్డించినా సాయవ్వ చెయ్యి అడ్డం పెడుతూనే ఉంది. ఇప్పుడు విస్తరిని కొంచెం ముందుకు జరిపింది.

"వెయ్యి వదినె" అంది. "మస్తు ఆకలైతుంది."